కట్టకు ముందు కొట్టం

కనగానపల్లివారికి సముద్రం చాలా దూరం. ఆ గ్రామం ఇంచుమించు కృష్ణపట్నం రేవు ఉన్న అక్షాంశం మీదనే ఉన్నది. కాని ఆ రెండింటి నడుమ 300 కిలోమీటర్లకు కొంచెం తక్కువ నేల పరచుకొని ఉన్నది. ఆ సీమలో సంవత్సరానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. అయినప్పటికీ నీటి బలమెంతటిదో ఆ ఊరికి వేరొకరు చెప్పనక్కరలేదు. 2024 అక్టోబరులో కనగానపల్లి చెరువుకు గండి పడినది. పండమేరు ఉప్పొంగి అనంతపురం శివారు కాలనీలను ముంచెత్తినది. గాలి బలం కూడ ఆ ప్రాంతానికి క్రొత్త కాదు. పొరుగుననున్న రామగిరి కొండల మీద 1990 దశకంలోనే గాలిమరలు వెలసినవి.

నీరు ఒక వైపు, గాలి ఒక వైపు, ఎండ నడినెత్తిన — ఈ మూడూ ఒక్కచోట కలిసి మనిషిని పరీక్షించే స్థలం ఏదని అడిగితే, నిర్మాణంలో ఉన్న ఓడరేవు అని చెప్పవలెను. పూర్తియైన రేవు ఓడలకు నీడ. అలల తాకిడి నుండి, ఈదురుగాలుల నుండి ఓడను కాపాడుటయే దాని పరమార్థం. కాని ఆ నీడను కట్టే మనిషికి, కట్టుచున్నంత కాలం, నీడ ఏది? తాత్కాలికమన్న పేరుతో పందిరి, షెడ్డు, విశ్రాంతి స్థలం పట్టికలో చివరికి జారిపోవుటయే సాధారణంగా జరిగే పని. అవి చివర రావలసినవి కావు, మొదట రావలసినవి. ఈ సంగతి మన చెరువుల చరిత్రలోను, దూరదేశపు సముద్రాల చరిత్రలోను ఒకే తీరుగా కనిపించును.

ముందుగా మన సీమ మాట. కడప జిల్లా పోరుమామిళ్ళలో పెద్ద చెరువొకటి ఉన్నది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు, అనగా భవదూరుడు, దానిని కట్టించినాడు. 1369 నాటి సంస్కృత శాసనం ఆ వృత్తాంతమును చెప్పుచున్నది. చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలను ఆ శాసనం వరుసగా పేర్కొన్నది. ధర్మబుద్ధి గల రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మన్ను గల నేల, తీయని నీటి నది, కట్టకు దన్నుగా కొండ, నిడుపైన రాళ్ళు దొరికే గని — ఇట్లు సాగిన ఆ వరుసలో పన్నెండవది నిర్మాణంలో నేర్పరులైన జనుల సమూహం. నిత్యం వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరాలు పనిచేసిన లెక్క కూడ అందులో ఉన్నది. పనివారిని నిర్మాణానికి ఒక అంగంగా ఎంచిన ఆ దృష్టి మెచ్చదగినది. కాని ఆ వేయిమంది మిట్టమధ్యాహ్నం ఎక్కడ కూర్చుండిరో, వాన వచ్చినపుడు ఎక్కడ తలదాచుకొనిరో ఆ పన్నెండు అంగాలలో లేదు.

శాసనం చెప్పకున్నను పనివారికి ఆ సంగతి తెలియును. తరతరాలుగా మట్టిపని, రాతిపని చేసిన ఒడ్డెర కుటుంబాలు ఎక్కడ పని దొరికితే అక్కడికి కాపురాన్ని తరలించుకొని పోయేవి. పనిచోటు చేరగానే పార పట్టుటకు ముందు గుంజలు పాతి ఒక కొట్టం నిలబెట్టుకొనేవారు. గొర్రెల కాపరి పొలంలో మంద నిలుపునపుడు తడికెలు వెంట తెచ్చుకొనును. మంద కదిలితే తడికెలూ కదులును. ‘కట్టకు ముందు కొట్టం’ అన్నది వారి అనుభవసారం. ఇంజనీరింగు కళాశాలలో చదువుకొన్నవారు ఆ పాఠం మరచిపోయినచోటనే చిక్కు వచ్చుచున్నది.

రేవు నిర్మాణస్థలం సాధారణమైన కట్టడపు స్థలం వంటిది కాదు. ఊరి నడుమ మేడ కట్టునపుడు ప్రక్కన చెట్టో, గోడో, ఎదుటి ఇంటి అరుగో ఉండును. రేవులో అట్లుకాదు. మొదట కట్టేది అలలకు అడ్డుకట్ట. ఒడ్డు నుండి రాళ్ళు పోసుకొనుచు, పోసిన రాళ్ళ మీదనే బండ్లు నడుపుకొనుచు, సముద్రంలోనికి చొచ్చుకొనిపోవలెను. వెలుపలి వైపు బరువైన రాళ్ళో, టెట్రాపాడ్లనబడే నాలుగు కాళ్ళ కాంక్రీటు దిమ్మలో పేర్చవలెను. పని జరుగుచోటు ప్రతివారం ఒడ్డుకు మరికొంత దూరమగుచుండును. కట్ట కిలోమీటరు పొడవు సాగిన తరువాత దాని కొనమీద పనిచేసే మనిషికి చుట్టూ నీరు, పైన ఆకాశం తప్ప మరేమియు లేదు. గ్రుక్కెడు మంచినీటికి, పది నిమిషాల నీడకు ఆ దూరమంతా నడచి రావలెను. వచ్చి పోవు నడకలోనే విశ్రాంతి కాలం హరించిపోవును. అందువలన అతడు రాడు, ఎండలోనే కూర్చుండును. ఒడ్డున ఎంత చక్కని వసతి ఉన్నను, కట్ట కొనన నీడ లేనిదే అది పనివానికి పనివేళలో అక్కరకు రాదు.

మన తీరంలో రేవు కట్టుట ఎంత కష్టమో చెప్పుటకు చెన్నపట్నమే సాక్షి. అక్కడ కృత్రిమ రేవుకు 1875లో శంకుస్థాపన జరిగినది. రెండు అడ్డుకట్టలు ఇంచుమించు పూర్తికావచ్చిన వేళ, 1881 నవంబరు తుపాను వచ్చి అర మైలు మేరకు కట్టలను భేదించినది. టైటన్ అనబడే భారీ క్రేనులు రెండింటిని పడద్రోసినది. ఏండ్ల శ్రమ కొద్ది గంటలలో సముద్రం పాలైనది. ఉక్కు క్రేనులనే పడద్రోసిన గాలికి, వాటి ప్రక్కన నిలబెట్టిన రేకుల పాక ఒక లెక్కలోనిది కాదు.

విశాఖపట్నం కథ మరొక తీరుది. 1933లో ఆ రేవు ఓడలకు తెరవబడినది. ఆ సంవత్సరం అక్టోబరు 7న ‘జలదుర్గ’ అన్న ఓడ అందులో ప్రవేశించినది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవం జరిపినాడు. రేవు ముఖద్వారాన్ని అలల నుండి కాపాడుటకు అక్కడి ఇంజనీర్లు చేసిన ఉపాయం విశేషమైనది. ‘జానస్’, ‘వెలెడ్సన్’ అను రెండు పాత ఓడలను తెచ్చి, డాల్ఫిన్ ముక్కు కొండ చెంత ముంచి, రాళ్ళతో నింపి అడ్డుకట్టగా నిలిపినారు. కాలం చెల్లిన ఓడలు రాబోవు ఓడలకు నీడయైనవి. ముందు ఒక నీడ కల్పించుకొని, దాని చాటున పెద్ద పని చేయవలెనన్న సూత్రం ఇక్కడ కంటికి కనిపించుచున్నది. ఓడలకు పనికి వచ్చిన ఈ సూత్రం మనుష్యుల విషయంలోను పనికి రావలెను గదా!

ఈ సూత్రాన్ని మనుష్యుల కొరకు అక్షరాల పాటించిన ఉదాహరణ కావలెనన్నచో స్కాట్లండు తీరానికి పోవలెను. అచట ఆర్‌బ్రోత్ పట్టణానికి సుమారు 18 కిలోమీటర్ల దూరాన సముద్రంలో బెల్ రాక్ అను బండ ఉన్నది. పోటు సమయంలో అది పూర్తిగా నీట మునుగును. ఆటు సమయంలో కొద్ది గంటలు మాత్రమే తేలును. దానిమీద దీపస్తంభం కట్టుటకు రాబర్ట్ స్టీవెన్‌సన్ 1807లో పూనుకొన్నాడు. ఆ సంవత్సరం సెప్టెంబరు 2న బండమీద 32 మంది పనిలో ఉండగా, వారిని తీసికొని పోవలసిన ఓడ లంగరు తెగి గాలికి కొట్టుకొనిపోయినది. మిగిలిన రెండు చిన్న పడవలు అందరికీ చాలవు. నీరు పెరుగుచున్నది. స్టీవెన్‌సన్ ఏదో చెప్పబోయినాడట. నోరెండిపోయి మాట పెగలలేదు. బండ గుంటలోని ఉప్పునీటిని పుక్కిట పట్టి తల యెత్తునంతలో, ఉత్తరాలు తెచ్చుచున్న పడవ ఒకటి దూరాన కనిపించినది. అందరూ బ్రతికినారు.

ఆ దినం నేర్పిన పాఠం ఊరక పోలేదు. ఆ పనికాలం ముగియక మునుపే బండమీద పెద్ద దూలాలతో ఎత్తైన కొయ్య కట్టడాన్ని నిలబెట్టినారు. అది మొదట ఆపద వేళ ఎక్కి ప్రాణం దక్కించుకొనే మంచె. తరువాత దానిలోనే కమ్మరి కొలిమి పెట్టినారు. సున్నం కలిపే చోటు ఏర్పరచినారు. పైన వంటకు, నిద్రకు గదులు కట్టినారు. పోటు వచ్చినపుడు కూడ పనివారు బండ విడిచి పోవలసిన అగత్యం తప్పినది. దానితో పని వేగం హెచ్చినది. 1811 ఫిబ్రవరి 1న దీపం వెలిగినది. ఆ మంచెను తరువాత తొలగించినారు. స్తంభం నేటికీ నిలిచి ఉన్నది. ఆ తాత్కాలికమైన మంచె లేకున్నచో ఈ శాశ్వతమైన స్తంభం అంత త్వరగా లేచి ఉండేది కాదు.

రాబర్ట్ కుమారుడు అలన్ స్టీవెన్‌సన్‌కు మరొక పాఠం దక్కినది. స్కెరీవోర్ అను బండమీద దీపస్తంభం కొరకు 1838లో అతడు కట్టించిన కొయ్య బస, ఆ నవంబరు తుపానులో ఆనవాలు లేకుండ కొట్టుకొనిపోయినది. పనికాలం ముగిసి అందరూ ఒడ్డు చేరి ఉన్నందున ప్రాణనష్టం కలుగలేదు. 1839లో అతడు తిరిగి, మునుపటికంటె గట్టిగా, మరొక బస కట్టించినాడు. అది నిలిచినది. 1844లో దీపం వెలిగినది. నీడ ఉండవలెనన్నది తండ్రి నేర్పిన పాఠం. ఆ నీడ గాలికి నిలువవలెనన్నది కుమారుడు నేర్చిన పాఠం.

గాలికి నిలుచుట అనగా ఎంత గాలికి? ఇక్కడ విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగును. గంటకు 60 కిలోమీటర్ల గాలి కంటె 180 కిలోమీటర్ల గాలి వేగంలో మూడు రెట్లే. ఒత్తిడిలో తొమ్మిది రెట్లు. మన దేశంలో కట్టడాలపై గాలి బలాన్ని లెక్కించుటకు ఐ.ఎస్. 875 మూడవ భాగమన్న ప్రమాణం ఉన్నది. దాని ప్రకారం విశాఖపట్నంలో గాలి మూలవేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. కాని నిర్మాణ సమయంలో వాడే తాత్కాలిక షెడ్లకు ఐదేండ్ల ఆయువు మాత్రమే అనుకొని, ఆ వేగాన్ని 0.70తో గుణించవచ్చునని ఆ ప్రమాణం అనుమతించుచున్నది. అప్పుడు మిగిలేది సెకనుకు 35 మీటర్లు, అనగా గంటకు 126 కిలోమీటర్లు. ఎత్తు, నేల తీరు మొదలైన సవరణలు ఆ తరువాత వచ్చును.

ఈ లెక్కలో తప్పు లేదు. ఐదేండ్లు నిలిచే పాకకు అరుదైన తుపాను తగిలే అవకాశం తక్కువ. కాని తక్కువ అనగా లేదని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినపుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. 126 కిలోమీటర్ల గాలికి లెక్కకట్టిన షెడ్డు మీద ఆ దినం పడే ఒత్తిడి ఇంచుమించు రెట్టింపు. షెడ్డు ఆయువు ఐదేండ్లు కావచ్చును. దాని క్రింద నిలిచిన మనిషి ఆయువు ఐదేండ్లు కాదు. కనుక ఇక్కడ స్పష్టమైన విభజన చేసికొనవలెను. పనిచోటి నీడ ఎండకు, వానకు, మామూలు ఈదురుగాలికి. తుపానుకు అది ఆశ్రయం కాదు. తుపానుకు వేరొక ఆశ్రయం — లోపలి నేలమీద, గట్టి కట్టడంలో, ముందుగానే నిర్ణయించి, అందరికీ దారి చూపి ఉంచవలెను. ఈ రెండింటినీ ఒకటిగా తలచుటయే ప్రాణాంతకమైన పొరపాటు.

రేవులలో తుపాను హెచ్చరికకు 1 నుండి 11 వరకు సూచికలున్నవి. 8, 9, 10 మహాప్రమాద సూచికలు. 11 వార్తాసంబంధాలు తెగిపోయినవనుటకు గుర్తు. ఇవి ఓడల కొరకు ఏర్పడిన గుర్తులు. ఏ సూచిక ఎగిరినపుడు కట్ట కొనమీది మనుష్యులు పని ఆపవలెను, ఏ సూచికకు షెడ్లు విప్పి నేలకు దించవలెను, ఏ సూచికకు అందరూ లోపలికి పోవలెను — ఇది ప్రతి నిర్మాణస్థలంలోను ముందే వ్రాసి, పనివారి భాషలో చదివి వినిపించవలసిన సంగతి. 2022లో రామాయపట్నం రేవుకు, 2023లో మచిలీపట్నం రేవుకు పనులు ఆరంభమైనవి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను ఆ రెండింటికి నడుమనున్న బాపట్ల వద్దనే తీరం దాటినది. క్రొత్త రేవులు కట్టే కాలం, తుపానులు వచ్చే కాలం వేరువేరు కావని ఇది గుర్తు చేయుచున్నది.

తుపాను ఏడాదికి కొన్ని దినాల మాట. ఎండ అట్లుకాదు. 2015 మే నెల వడగాలులలో ఆంధ్రప్రదేశ్‌లోనే వేయిమందికి పైగా మరణించినారు. కనగానపల్లి ఎండ పొడి ఎండ; చెమట పట్టగానే ఆరును, ఆరుచు శరీరాన్ని చల్లబరచును. సముద్రతీరపు ఎండ తేమతో కూడినది. చెమట కారునే కాని ఆరదు. ఉష్ణమాపకంలో అంకె తక్కువైనను శరీరానికి బాధ ఎక్కువ. మెట్టసీమ నుండి పోయిన కూలీ తనకు ఎండ అలవాటేనని నమ్మి ఇక్కడ మోసపోవును. అతనికి కావలసినది నీడ మాత్రమే కాదు, గాలి ఆడే నీడ. నాలుగువైపుల మూసిన రేకుల షెడ్డు మధ్యాహ్నానికి ఆవం వలె కాగును. అది నీడ అనిపించుకొనదు.

నీడ మనిషి కొరకే అనుకొనుట కూడ పొరపాటు. పనికీ నీడ కావలెను. క్రొత్తగా పోసిన కాంక్రీటు పైపొరను ఎండ, గాలి కలిసి త్వరగా ఆరబెట్టినచో బీటలు వారును. ఆ బీటలలోనికి ఉప్పునీరు చేరి లోపలి ఉక్కు చువ్వను తినివేయును. వెల్డింగు చేయునపుడు కరిగిన లోహం చుట్టూ ఒక వాయుకవచం ఉండవలెను. ఈదురుగాలి దానిని చెదరగొట్టినచో అతుకులో బుడగలు మిగులును. వెల్డింగు కడ్డీలు తేమ తగిలిన పనికిరావు. అందువలన మంచి గుత్తేదారు దిమ్మలు పోసే చోట, చువ్వలు కట్టే చోట, వెల్డింగు జరిగే చోట తెరలు, పందిళ్ళు కట్టును. కాంక్రీటుకు నీడ కట్టినవాడు, ఆ కాంక్రీటు పోసినవానికి నీడ కట్టుట బరువనుకొనుట వింత.

ఆ నీడ ఎట్లుండవలెను? ఎత్తు తక్కువగా ఉండవలెను. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి పట్టు పెరుగును. కట్ట రాళ్ళమీద గుంజలు పాతుటకు వీలులేదు గనుక, ఉక్కు చట్రాన్ని బరువైన కాంక్రీటు దిమ్మలకు బిగించి, లాగుడు తాళ్ళతో నాలుగువైపుల కట్టవలెను. కప్పు ఎగిరిపోవుటకు గాలి పైనుండి నొక్కుట కంటె క్రిందనుండి ఎత్తుట ముఖ్యకారణం. మన తీరంలో వేసవి, వానకాలాలలో నైరుతి నుండి, అక్టోబరు తరువాత ఈశాన్యం నుండి గాలి వీచును. కనుక తెర ఒక వైపునకే శాశ్వతంగా బిగించక, వైపు మార్చుటకు వీలుగా ఉంచవలెను. రేకు కాగును, తాటాకు చల్లగా ఉండును. కాని వెల్డింగు నిప్పురవ్వ పడితే తాటాకు అంటుకొనును. వెల్డింగు చోటికి దూరంగా, రేకుమీద ఆకు పరచి వలతో బిగించినచో రెండింటి గుణాలు కలసివచ్చును. ఇక అన్నిటికంటె ముఖ్యమైనది — కట్ట ముందుకు సాగిన కొద్దీ నీడ కూడ సాగవలెను. చక్రాలమీదనో, క్రేను ఎత్తగల చట్రంగానో దానిని కట్టవలెను. కాపరి తడికెలలోని యుక్తి ఇదియే. ఉరుములు, మెరుపులు వచ్చినపుడు మాత్రం పట్టాల పందిరి రక్షణ కాదు. అప్పుడు ఇనుప గది గల బండ్లలోనికో, ఒడ్డునకో చేరవలెను.

చట్టం ఈ విషయంలో నోరు మెదపలేదని అనరాదు. 1996లో పార్లమెంటు చేసిన భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం త్రాగునీరు, మరుగుదొడ్లు, ఉచిత తాత్కాలిక నివాసం, ప్రథమ చికిత్స ఏర్పాట్లను యజమాని బాధ్యత చేసినది. 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట పసిబిడ్డల గది, 250 మంది పనిచేసే చోట క్యాంటీను ఉండవలెనన్నది. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి ఆ చట్టాన్ని తనలో కలుపుకొన్నది. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. అయితే పై వరుసలో పడుకొనే చోటు ఉన్నది, వంట వండుకొనే చోటు ఉన్నది. కట్ట కొనన పని జరుగుచోట నిలువనీడ విడిగా లేదు. ఆ ఖాళీని పూరించవలసినది ఒప్పంద పత్రం. టెండరు పట్టికలో రాళ్ళ బరువు, దిమ్మల సంఖ్య, డీజిలు ధర వివరంగా వ్రాసినవారు పనిచోటి నీడకు కూడ ఒక వరుస కేటాయించినచో, పోటీలో ధర తగ్గించుటకు దానిని కోసివేసే అవకాశం ఎవ్వరికీ ఉండదు.

అనంతపురం సీమ పల్లెల నుండి కూలీలు వానలు తప్పిన ఏట బెంగళూరు కట్టడాలకు పోవుట అందరెరిగినదే. కదిరి, రాయచోటి ప్రాంతాలవారు గల్ఫు దేశాలకు కూడ పోవుదురు. ఆ ఎడారి తీరాలలో వేసవి మధ్యాహ్నం బయటి పనిని నిషేధించినారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12-30 మొదలు 3 గంటల దాక ఎండలో పని చేయించరాదు. మనవారు పరదేశంలో పొందే ఆ రెండున్నర గంటల నీడ, స్వదేశపు తీరంలో వారికి అందని వరం కారాదు.

ఖర్చు అగునని అందురు. నిజమే. కాని సొమ్మసిల్లిన మనిషిని ఒడ్డుకు మోసికొని పోవుటకు నలుగురు పని ఆపవలెను. బీటవారిన దిమ్మను తిరిగి పోయవలెను. గాలికెగిరిన రేకు తగిలి ఒకడు పడిపోతే ఆ ఇంటి పొయ్యి ఆరిపోవును. ఈ ఖర్చులు లెక్కల పుస్తకంలో వేరువేరు పుటలలో ఉండును గనుక ఎవ్వరూ కలిపి చూడరు.

బెల్ రాక్ మంచె మొదటి పనికాలంలోనే లేచినది. అందుచేతనే తక్కిన పని సాగినది. పోరుమామిళ్ళ శాసనం నేర్పరులైన జనసమూహాన్ని పన్నెండవ అంగంగా లెక్కించి గొప్ప మాట చెప్పినది. నేడు మన తీరంలో కట్టుచున్న రేవులకు ఆ వరుసలో పదమూడవ అంగం ఒకటి చేర్చవలసి యున్నది — ఆ జనసమూహానికి నీడ. వ్రాయునపుడు పదమూడవదిగా వ్రాసినను, కట్టునపుడు దానినే మొదట కట్టవలెను.